మూడు రాత్రులు, ముగ్గురు అనార్కలీలు

నేను సినిమా పిచ్చోణ్ణి కాదు. ఏడాదికి నాలుగైదు సినిమాలు చూస్తే ఎక్కువ. అది కూడా ఇంట్లో, పిల్లలు రిమోట్ వదిలిపెడితేనే. అలాంటిది పోయిన నెలలో వరసగా మూడు రాత్రులు మూడు సినిమాలు చూశాను. కథ మాత్రం ఒకటే. ఈ తమాషాకి కారణం మా అమ్మీ, మా చిన్న కూతురు.

మా అమ్మీ చిన్నప్పుడు మాకు, ఇప్పుడు మా పిల్లలకు చెప్పే కథల్లో అనార్కలీ కథ ఒకటి. అక్బర్ బాద్షా, ఆయన కొడుకు షహజాదా సలీం, దర్బారులో నాట్యం చేసే కనీజ్ అనార్కలీ, వాళ్ళ ఇష్క్, చివరికి ఆ పిల్లని గోడలో సజీవంగా చిన్వాయించడం. అమ్మీ ఈ కథ చెప్పేటప్పుడు ఇటుకలు ఒక్కొక్కటీ పేరుస్తున్నట్టు చేతులతో చూపిస్తుంది. మెడ దాకా గోడ లేచేసరికి పిల్లలు ఏడుస్తారు. నేనూ ఏడ్చినవాణ్ణే.

ఈసారి మా చిన్నది ఏడవలేదు. తొమ్మిదో తరగతి చదువుతోంది. "అబ్బా, ఇది నిజంగా జరిగిందా? మా క్లాసులో అక్బర్ గురించి పాఠం ఉంది, ఇది లేదే" అంది. నా దగ్గర జవాబు లేదు. "సినిమా చూద్దాం, తర్వాత కితాబులు చూద్దాం" అన్నాను. అలా మొదలైంది.

మొదటి రాత్రి 1955 నాటి తెలుగు 'అనార్కలి'. అంజలీదేవి, అక్కినేని నాగేశ్వరరావు, అక్బర్‌గా ఎస్.వి. రంగారావు. వేదాంతం రాఘవయ్య దర్శకుడు. ఆయనే అంతకు రెండేళ్ల ముందు 'దేవదాసు' తీశాడు. నాకు ఈ సలీంలో ఆ దేవదాసు కొంచెం కనిపించాడు, మొగల్ షేర్వానీ వేసుకున్న దేవదాసు. ఆదినారాయణరావు సంగీతం మాత్రం మాషాఅల్లా. రంగారావు నడక చూసి మా అమ్మీ "బాద్షా అంటే ఇట్లా ఉండాల" అంది. ఆగ్రా కోటలో అందరూ చక్కటి తెలుగు మాట్లాడుతుంటే మా పిల్లలకు నవ్వొచ్చింది. నాకు రాలేదు. బొంబాయిలో అక్బర్ ఉర్దూ మాట్లాడితే నవ్వని వాళ్ళం, మద్రాసులో తెలుగు మాట్లాడితే ఎందుకు నవ్వాలి? అసలు అక్బర్ దర్బారు భాష ఫార్సీ.

రెండో రాత్రి 'ముఘల్-ఎ-ఆజం'. దీని గురించి నేను కొత్తగా చెప్పేదేముంది? అయినా కొన్ని మాటలు రాయకుండా ఉండలేను. 1960 ఆగస్టు 5న విడుదలైన ఈ సినిమా పని 1940లలోనే మొదలైంది. కె. ఆసిఫ్ మొదట తీసినప్పుడు అక్బర్ చంద్రమోహన్, అనార్కలీ నర్గీస్. డబ్బు పెట్టిన షిరాజ్ అలీ హకీం తక్సీం తర్వాత పాకిస్తాన్ వెళ్ళిపోయాడు. 1949లో చంద్రమోహన్ చనిపోయాడు. సినిమా ఆగిపోయింది. తర్వాత షాపూర్జీ పల్లోంజీ అనే పార్సీ సేఠ్ డబ్బు పెడితే పృథ్వీరాజ్ కపూర్, దిలీప్ కుమార్, మధుబాలలతో మళ్ళీ మొదటి నుంచి తీశారు.

ఈ సంగతి తెలిశాక ఆ సినిమా మొదటి సీను నాకు వేరేగా కనిపించింది. తెర మీద హిందుస్తాన్ నక్షా పైకి లేచి, మనిషిలా తన కథ తనే చెప్పుకుంటుంది. ముల్కు రెండు ముక్కలై పదమూడేళ్లయింది. సినిమాకి డబ్బు పెట్టినవాడు అవతలికి వెళ్ళిపోయాడు. సలీం వేషం వేసిన యూసుఫ్ ఖాన్ పుట్టిన పెషావర్ ఇప్పుడు అవతలి ముల్కులో ఉంది. అక్బర్ వేషం వేసిన పృథ్వీరాజ్‌దీ పెషావర్ బంధమే. ఆ సినిమాలో అక్బర్ కృష్ణాష్టమి నాడు ఉయ్యాల ఊపుతాడు. ఒక బాద్షా ఇష్క్ కథ చెబుతున్నామనే సాకుతో వాళ్ళు ఇంకేదో చెప్పాలనుకున్నారు. ఇక్కడ ఉండిపోయిన మనవాళ్ళకు ఆ రోజుల్లో ఆ సినిమా ఎంత దిలాసా ఇచ్చి ఉంటుందో ఊహించుకోండి.

శీష్ మహల్ పాట దగ్గర మా పిల్లలు కూడా ఫోన్లు పక్కన పెట్టేశారు. మొదట విడుదలైనప్పుడు సినిమా అంతా నలుపు తెలుపు, ఆ పాట, చివరి భాగం మాత్రం రంగుల్లో. మేం చూసింది 2004లో మొత్తం రంగులద్దిన ప్రింటు. నాకు అది నచ్చలేదు. బూడిద రంగు లోకంలోంచి ఒక్కసారిగా అద్దాల మహల్లోకి రంగుల్లో అడుగుపెట్టే ఆ మజా పోయింది. మధుబాల గుండెజబ్బుతోనే ఆ సంకెళ్ళ సీన్లు చేసిందని చెబితే మా పెద్దది చాలాసేపు మాట్లాడలేదు. 1969లో, ముప్ఫై ఆరేళ్ళకే వెళ్ళిపోయింది.

మూడో రాత్రి ఎన్.టి. రామారావు 1979లో తీసిన 'అక్బర్ సలీం అనార్కలి'. ఆయనే అక్బర్, ఆయనే దర్శకుడు. కొడుకు బాలకృష్ణ సలీం. అసలు తండ్రీకొడుకులే తండ్రీకొడుకులుగా ఎదురెదురుగా నిలబడడం ఈ కథకి బాగానే అతికింది. సంగీతం సి. రామచంద్ర. 1953లో హిందీ 'అనార్కలీ'కి కూడా ఆయనే. పాటలు రాసింది ఉర్దూ మీడియంలో చదువుకున్న మన సినారె. పాడింది మహమ్మద్ రఫీ, తెలుగులో! సినిమా నాకు సాగినట్టు అనిపించింది. సెట్లలో డాబు ఎక్కువ, కథలో ఊపు తక్కువ. కానీ రఫీ నోట తెలుగు వింటుంటే, మా ఇళ్ళల్లో రెండు జబానులు కలిసి వినిపించినట్టే ఉంది. ఒక్క ఆ పాటల కోసం మళ్ళీ చూస్తాను.

ఖైర్, సినిమాలు అయిపోయాయి. ఇక మా చిన్నది వదల్లేదు. "కితాబులు చూద్దామన్నారు కదా?"

చూశాం. అక్బర్ కాలం గురించి అబుల్ ఫజల్ రాసిన 'అక్బర్‌నామా'లో అనార్కలీ లేదు. సలీం జహంగీర్ అయ్యాక స్వయంగా రాసుకున్న తుజుక్‌లోనూ లేదు. ఈ జహంగీర్ ఏదీ దాచుకునే మనిషి కాదు. తను ఎంత షరాబు తాగేవాడో రాసుకున్నాడు. అబుల్ ఫజల్‌ని చంపించింది తనేనని రాసుకున్నాడు. ప్రేమించిన పిల్లని తండ్రి గోడలో పూడిస్తే ఒక్క ముక్క రాయడా?

మరి ఈ కథ ఎక్కడిది? విలియం ఫించ్ అనే ఇంగ్లీషు వర్తకుడు నీలిమందు వ్యాపారం పని మీద 1611లో లాహోర్ వెళ్ళాడు. అక్కడ ఒక మఖ్బరా చూశాడు. అక్కడివాళ్ళు చెప్పుకునేది రాసుకున్నాడు. అందులో అనార్కలీ కనీజ్ కాదు. అక్బర్ భార్యల్లో ఒకరు, షహజాదా దానియాల్ తల్లి! సలీంతో ఆమెకి సంబంధం ఉందని తెలిసి బాద్షా గోడలో పూడ్పించాడట, సలీం తఖ్తు ఎక్కాక ఆమెకి మఖ్బరా కట్టిస్తున్నాడట. సలీం పుట్టింది 1569లో, దానియాల్ 1572లో. అంటే ఆమె సలీంకి సవతి తల్లి, వయసులోనూ తల్లి లాంటిది. బజారులో ఎవరో చెప్పింది ఒక ఫిరంగీ విని రాసుకున్న మాట ఇది. ఇది అమ్మీ ముందు చెప్పే ధైర్యం నాకు లేదు. చెప్పలేదు కూడా.

ఆ మఖ్బరా మాత్రం ఉంది. లాహోర్‌లో ఇప్పటికీ ఉంది. ఎనిమిది కోణాల కట్టడం, లోపల పాలరాతి మీద అల్లా పేర్లు, ఒక ఫార్సీ షేర్, 'మజ్నూన్ సలీం అక్బర్' అనే సంతకం. రెండు హిజ్రీ సంవత్సరాలు చెక్కి ఉన్నాయి. 1008, 1024. అంటే మన లెక్కలో 1599, 1615. మొదటిది వఫాత్, రెండోది కట్టడం పూర్తయిన ఏడు అని అనుకుంటారు. ఇప్పుడు లెక్క చూడండి. అక్బర్ 1598 చివర్లోనే లాహోర్ వదిలి ఆగ్రా వచ్చేశాడు. 1599లో దక్కన్ మీదికి బయల్దేరాడు. సలీంని మేవాడ్ మీదికి పంపాడు. 1599లో లాహోర్‌లో గోడ కట్టించడానికి తండ్రి లేడు, ఏడవడానికి కొడుకూ లేడు. అందుకే ఆ కబర్ సలీం భార్య, పర్వేజ్ తల్లి సాహిబ్ జమాల్‌దని కొందరు తారీఖ్ పండితులు అంటారు. ఆమె ఆ రోజుల్లోనే లాహోర్‌లో చనిపోయింది. అనార్కలీ అన్నది ఆ బాగ్ పేరే తప్ప మనిషి పేరు కాదని వాళ్ళ వాదన. నాకు ఇదే సరిగ్గా అనిపిస్తోంది.

ఇంకో సంగతి. 1599కి సలీం వయసు ముప్ఫై. ఎందరో భార్యలు. పెద్దకొడుకు ఖుస్రోకి పన్నెండేళ్ళు. ఆ తర్వాత పర్వేజ్, ఖుర్రం. సినిమాలో మీసాలు అప్పుడే వచ్చిన కుర్రాడు కాదు, నలుగురు పిల్లలు తిరిగే ఇంటి మగాడు.

కనీజ్ ఎలా వచ్చిందంటారా? లాహోర్‌లో ఇంతియాజ్ అలీ తాజ్ 1922లో 'అనార్కలీ' నాటకం రాశాడు. ఆ కథకు చరిత్ర ఆధారం లేదని ఆయనే ముందుమాటలో చెప్పుకున్నాడు. ఎవరు విన్నారు? 1928లోనే మూగ సినిమా వచ్చింది, సులోచన అనార్కలీగా. 1935లో మాటలతో వచ్చినప్పుడూ ఆమే. 1953లో బీనారాయ్ అనార్కలీ అయ్యేసరికి ఈ సులోచన సలీం తల్లి వేషంలోకి మారింది. ఒకే మనిషి ముందు కనీజ్, తర్వాత మల్లికా! ఇదే ఒక సినిమా అవుతుంది.

ఆ తల్లి పేరు సినిమాల్లో జోధాబాయి. అక్బర్‌నామాలో ఆ పేరే లేదు. జహంగీర్ తల్లి అంబేరు రాజా భారమల్ కూతురు, 1562లో నికాహ్, బిరుదు మరియం-ఉజ్-జమానీ. జోధ్‌పూర్ రాకుమారి జహంగీర్ భార్య, షాజహాన్ తల్లి. అత్త పేరు కోడలిదైపోయింది.

మరి సలీం బగావత్ అబద్ధమా? కాదు, అది పచ్చి నిజం. దానికి ఇష్క్ కారణం కాదు, గద్దీ కారణం. అక్బర్ దక్కన్‌లో ఉండగా 1600లో సలీం ఇలాహాబాద్‌లో తన దర్బారు పెట్టుకున్నాడు. 1602లో అబుల్ ఫజల్‌ని బీర్ సింగ్ బుందేలా చేత చంపించాడు. దర్బారులో మాన్ సింగ్ లాంటివాళ్ళు సలీం బదులు అతని కొడుకు ఖుస్రోని తఖ్తు ఎక్కించాలని చూశారు. తాతకీ మనవడి మీదే మొగ్గు ఉందని సలీం భయం. సినిమాలో చూపించినట్టు ఏనుగులు, ఫిరంగులతో తండ్రీకొడుకుల జంగ్ జరగలేదు. జరగకుండా ఆపింది ఇంట్లో ఆడవాళ్ళు. 1603లో అక్బర్ భార్య సలీమా సుల్తాన్ బేగం ఇలాహాబాద్ దాకా ప్రయాణం చేసి సలీంని నచ్చజెప్పింది. ఆమె ఒకప్పటి బైరంఖాన్ బేవా. సలీం దాదీ హమీదా బానూ బేగం కూడా మధ్యలో పడింది. 1604లో ఆ ముసలామె పోయాకే సలీం తండ్రి దగ్గరికి తిరిగొచ్చాడు. మరుసటి ఏడు అక్టోబరులో అక్బర్ పోయాడు.

నేను ఇదంతా చెబుతుంటే మా చిన్నది ఒక మాట అంది. "అయితే దాదీ మీద, సవతి తల్లి మీద సినిమా ఎందుకు తీయలేదు?"

ఏం చెప్పను? మేము అన్నదమ్ములం ఇంటి జాగా మీద మూడేళ్ళు మాట్లాడుకోలేదు. అమ్మీ బస్సెక్కి ఆ ఊరికీ ఈ ఊరికీ తిరిగి మమ్మల్ని ఒక దస్తర్‌ఖాన్ మీద కూర్చోబెట్టింది. ఆ సంగతి పిల్లలకు తెలుసు. అందుకే అడిగింది కావచ్చు.

ఇక్కడ నన్ను నేను కూడా అడుక్కోవాలి. ఈమధ్య వచ్చే చారిత్రక సినిమాలు చూసి మనం షికాయత్ చేస్తాం. మన బాద్షాలందర్నీ కళ్ళకు సుర్మా పెట్టి, మాంసం పీక్కుతినే దరిందాలుగా చూపిస్తున్నారని. ఆ షికాయత్ సరైనదే, నేనూ చేస్తాను. కానీ తారీఖ్‌ని మార్చేశారని కోపం తెచ్చుకునే నేను, తారీఖ్‌లో లేని అనార్కలీ కోసం నలభై ఏళ్ళు కళ్ళు తుడుచుకున్నాను. అందులో మనవాళ్ళు అందంగా ఉంటారు, అందమైన ఉర్దూ మాట్లాడతారు కాబట్టి హకీకత్ అడగలేదు. ఆ అఫ్సానాలో కూడా అక్బర్ ఒక ఆడపిల్లని సజీవంగా పూడ్చిపెట్టే జాలిమే కదా! 'ముఘల్-ఎ-ఆజం'లో ఆసిఫ్‌కి మనసొప్పలేదేమో, గోడ కింద సొరంగం పెట్టి ఆమెని వదిలిపెట్టించాడు.

మన హైదరాబాద్ భాగమతి కథా ఇంతే. హెచ్.కె. షేర్వానీ సాబ్ ఆధారాలు చూసి ఆమె కల్పితమన్నారు. ఫెరిష్తా రాశాడుగా అని అవతలివాళ్ళు అంటారు. అది ఇంకోసారి రాస్తాను.

లాహోర్ మఖ్బరాని అంగ్రేజుల కాలంలో కొన్నాళ్ళు చర్చి చేశారు, తర్వాత సర్కారీ కాగితాల దఫ్తర్ చేశారు. ఇప్పటికీ పంజాబ్ ఆర్కైవ్స్ అక్కడే. లేని మనిషి కబర్ చుట్టూ అసలు తారీఖ్ కాగితాలు బీరువాల్లో ఉన్నాయి. మా కర్నూలులో హంద్రీ ఒడ్డున అబ్దుల్ వహాబ్ గుంబజ్ ఉంది. దాని మీద ఎవరూ సినిమా తీయలేదు. పండగ సెలవుల్లో పిల్లల్ని అక్కడికి తీసుకెళ్ళాలి.

చివరికి అమ్మీకి విషయం చెప్పింది మా చిన్నదే. "దాదీ, అనార్కలీ లేదంట. నాటకంలో రాసిందంట."

అమ్మీ తమలపాకు మడుస్తూ ఆగింది. "మీ నాయన చెప్పినాడా?"

"కితాబుల్లో ఉంది దాదీ."

"సరే," అంది అమ్మీ. "అయితే ఈ రాత్రికి ఇలాహాబాద్ పోయిన ఆ ఆడమనిషి కథ నువ్వు చెప్పు. నేను పడుకుని వింటా."

మా చిన్నది పుస్తకం వెతుక్కోవడానికి నా గదిలోకి వచ్చింది.