కులం – ఇల్లు – చరిత్ర (9వ భాగం): గోడ తీసేసిన హాల్లో ఎవరు కూర్చుంటారు?



పోయిన భాగంలో ఊరి బావుల గురించి రాశాను. అది చదివిన విద్యార్థులు ఇద్దరు ముగ్గురు ఒకే ప్రశ్న వేశారు: "ఇప్పుడు అందరికీ కుళాయిలే కదా అన్నా, బావి చరిత్ర మాకెందుకు?" మంచి ప్రశ్నే. దీనికి జవాబు ఈసారి ఊరి మధ్యలో కాదు, ఇంటి లోపల వెతుకుదాం. అదీ పాత ఇంట్లో కాదు, ఈ ఏడాది కడుతున్న ఇంట్లో.

కోకాపేట, నార్సింగి, మంగళగిరి, మధురవాడ... ఏ వైపు వెళ్లినా ఫ్లాట్ల బ్రోషర్లలో ఒకటే మాట. ఓపెన్ లివింగ్, ఓపెన్ డైనింగ్, దానికి ట్రెడిషనల్ టచ్. హాలుకీ భోజనాల గదికీ మధ్య గోడ ఉండదు. ఒక మూల చెక్కుడు పని ఉన్న ఉయ్యాల బల్ల, ఇంకో మూల పూలు తేలే ఇత్తడి ఉరుళి. కారైకుడి స్తంభాలు రెండు, కింద ఆత్తంగుడి టైల్స్, గంటలు వేలాడే పూజగది తలుపులు, గోడ మీద చేర్యాల బొమ్మ. చూడ్డానికి బాగుంటుంది. నేనూ కాదనను. నా ప్రశ్న ఒక్కటే: ఈ "సంప్రదాయం" ఎవరింటిది? ఆ ఇంట్లో మనం ఎక్కడ నిలబడ్డాం?

1. ఆ స్తంభాలు ఎక్కడివి?

ముందు కారైకుడి స్తంభం సంగతి చూద్దాం. తమిళనాడు చెట్టినాడు ప్రాంతంలో నాట్టుకోట్టై చెట్టియార్లు 19వ శతాబ్దం రెండో సగం నుంచి 20వ శతాబ్దం మొదటి సగం దాకా పెద్దపెద్ద మేడలు కట్టుకున్నారు. బర్మా, సిలోన్, మలయా దేశాల్లో వడ్డీ వ్యాపారం వాళ్లది. బర్మా టేకు ఓడల్లో వచ్చింది. 1942లో జపాన్ బర్మాను ఆక్రమించాక ఆ వ్యాపారం కూలింది. తర్వాత తరాలు మేడల్ని చూసుకోలేక విప్పి అమ్మారు. ఆ స్తంభాలు, తలుపులు, గిన్నెలే కారైకుడి పాత సామాన్ల అంగళ్లలోంచి ఇవాళ మన నగరాల హాళ్లలోకి వస్తున్నాయి.

మన గోదావరి, కృష్ణా డెల్టాల మండువా లోగిళ్లకీ ఒక లెక్క ఉంది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో, బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయ్యాయి. కాలవ నీళ్లొచ్చాయి, వరి పండింది, భూమి ఉన్నవాళ్ల చేతుల్లో డబ్బు నిలిచింది. డెల్టాలో పెద్ద లోగిళ్లు పెరగడానికి ఆ డబ్బు ఒక ముఖ్య కారణం. ఆ వరి నాటింది, కోసింది, కుప్ప వేసింది, నూర్చింది ఎవరు? మాల మాదిగ పాలేళ్లు, కూలి తల్లులు. లోగిలి పునాదిలో మన చెమట ఉంది. లోగిలి నక్షలో మాత్రం మన చోటు వేరు.

2. లోగిలిని వెనకనుంచి చూడండి

వాస్తు, వారసత్వం మీద రాసే పుస్తకాలు లోగిలిని వీధి గుమ్మం నుంచి వర్ణిస్తాయి. అరుగు, వసారా, చావడి, మధ్యలో ఆకాశం కనిపించే మండువా, చుట్టూ గదులు, ఆ వెనక వంటిల్లు. అరుగు బాటసారికి నీడ అని మురిసిపోతాయి. ఆ అరుగు మీద ఏ బాటసారి కూర్చోవచ్చో రాయవు.

మనవాళ్లకి ఆ ఇంటితో పరిచయం వెనకనుంచి. దొడ్డి దారి, గొడ్ల చావడి, పెరటి గుమ్మం. అంబలో, అన్నమో పెరట్లోనే. అదీ తన ముంతలోనో, ఆకులోనో పట్టుకోవాలి, పైనుంచి పోస్తారు. నీళ్లకి దోసిలి. దొర వస్తుంటే మన వాకిట్లోని మన నులకమంచం మీంచి కూడా లేవాలి. కాబట్టి కులం ఊరికీ వాడకీ మధ్య గీసిన గీత మాత్రమే కాదు. వీధిలోంచి పొయ్యి దాకా ఒక్కో గుమ్మానికి ఒక్కో గీత ఉండేది. కొన్ని కులాలకి అరుగు దాకా, కొన్నిటికి మండువా దాకా అనుమతి. మనకి ముందు వైపు నుంచి అసలు దారే లేదు. వంటిల్లు అన్నిటికంటే లోపలిది. మడి కట్టుకున్న ఇంట్లో సొంత ఆడపిల్లకే నెలలో మూడు రోజులు ఆ గుమ్మం మూసి ఉండేది. కులానికి, పితృస్వామ్యానికి తాళంచెవి ఒకటే అని ఇంతకంటే తేలికగా ఎలా చెప్పాలి?

3. శాస్త్రంలోనే కొలతలున్నాయి

"ఇవన్నీ మనుషుల తప్పులు, శాస్త్రం తప్పు కాదు" అనేవాళ్లు ఉంటారు. వరాహమిహిరుడు 6వ శతాబ్దంవాడు. అతని బృహత్సంహితలో వాస్తు అధ్యాయం ఉంది. ఇంటి వెడల్పు వర్ణాన్ని బట్టి 32 మూరలతో మొదలై నాలుగేసి మూరలు తగ్గుతూ పోతుంది. అందరికంటే హీనులు అన్నవాళ్లకి ఇంకా తక్కువ. మనుస్మృతి పదో అధ్యాయం చండాలుర్ని ఊరి బయట ఉండమంది, పగిలిన పాత్రల్లో తినమంది. ఇల్లు ఎంత ఉండాలి, ఎక్కడ ఉండాలి, ఏ గిన్నెలో తినాలి... మూడూ రాసి పెట్టారు.

ఇది పుస్తకాల్లోనే ఉండిపోలేదు. తిరువాన్కూరులో షానార్లని పిలిచిన నాడార్లు ఒక అంతస్తుకి మించి ఇల్లు కట్టకూడదన్న కట్టుబాటు 19వ శతాబ్దంలో కూడా నడిచింది. డబ్బు లేక కాదు, ఉన్నా కట్టనివ్వరు. మన పల్లెల్లో దళితుడు డాబా వేస్తే కడుపుమంట ఎందుకు పుడుతుందో అర్థం కావాలంటే ఈ చరిత్ర తెలియాలి.

4. గోడ ఎందుకు పోయింది?

ఇక ఓపెన్ ప్లాన్. హాలునీ భోజనాల చోటునీ వంటింటినీ కలిపేయడానికి ప్రపంచంలో చాలా దారులున్నాయి. ఒక్క ఉదాహరణ చెప్తాను. అమెరికాలో ఆర్కిటెక్ట్ ఫ్రాంక్ లాయిడ్ రైట్ 1936–37లో మాడిసన్ పట్నంలో హెర్బర్ట్ జేకబ్స్ అనే పత్రికా రచయిత కుటుంబానికి 5,500 డాలర్లలో ఇల్లు కట్టాడు. అది పనిమనుషులు లేని మధ్యతరగతి ఇల్లు. వంట చేసే మనిషి ఇంటి మనిషే కాబట్టి వంటచోటు హాలు పక్కకే తెచ్చాడు. వండే మనిషీ తినే మనుషులూ మాట్లాడుకోవచ్చు. అక్కడ గోడ పోవడానికి వెనక ఒక సామాజిక మార్పు ఉంది.

మన దగ్గర నక్ష వచ్చింది, మార్పు రాలేదు. బ్రోషర్ జాగ్రత్తగా చూడండి. చాలా ఖరీదైన ఫ్లాట్లలో వంటగదులు రెండు. హాల్లోకి తెరుచుకున్నది అతిథులకి కనబడే వంటగది. దాని వెనక తలుపేసుకునే ఇంకో వంటగది. అంట్లు, ఉల్లిపాయలు, చెమట, పనమ్మాయి అన్నీ అక్కడ. దానికి యుటిలిటీ వైపు వేరే గుమ్మం. కొన్ని అపార్ట్‌మెంట్లలో పనివాళ్లకి లిఫ్టూ వేరే. పెరటి గుమ్మం పోలేదు మిత్రులారా, పదిహేనో అంతస్తుకి ఎక్కింది.

ఇది నా ఊహ అనుకుంటే లెక్క చూడండి. ఎన్‌సీఏఈఆర్, అమెరికాలోని మేరీలాండ్ యూనివర్సిటీ కలిసి 2011–12లో దేశమంతా 42 వేలకి పైగా కుటుంబాలని సర్వే చేశాయి. మీ ఇంట్లో అంటరానితనం పాటిస్తారా అని అడిగారు. లేదు అన్నవాళ్లని, అయితే ఒక ఎస్సీ మనిషి మీ వంటింట్లోకి వస్తే, మీ గిన్నెలు వాడితే పర్వాలేదా అని అడిగారు. రెండూ కలిపితే సుమారు 27 శాతం కుటుంబాలు ఏదో ఒక రూపంలో పాటిస్తామని ఒప్పుకున్నాయి. బ్రాహ్మణ కుటుంబాల్లో అది 52 శాతం. ఇది ఒప్పుకున్నవాళ్ల లెక్క మాత్రమే. పరిశోధకులు కొలబద్దగా బావిని కాదు, వంటింటిని ఎంచుకోవడం గమనించండి. మొదట్లో అడిగిన ప్రశ్నకి జవాబు ఇదే. బావి పూడిపోయినా గిన్నె మిగిలే ఉంది.

చదువుకునే రోజుల్లో హైదరాబాద్‌లో నేను అద్దెకున్న ఒక ఇంటి ఓనరమ్మ ముందు ఇంటిపేరు అడిగింది. తర్వాత ఊరు, ఊళ్లో ఏ వైపు అని అడిగింది. ఆ తర్వాత వంట షరతులు చెప్పింది. "వాసన రాకూడదు బాబూ" అంది. ఆ మాటకి అర్థం మీకు నేను చెప్పక్కర్లేదు. గోడ లేని వంటిల్లు ఎవరి కూర వాసన అయినా ఇంటినిండా పరుచుకునే చోటు. అందుకే అది ఓనర్లని భయపెడుతుంది.

5. బల్ల దగ్గర కూర్చున్నవాళ్లు

కలిసి తినే గది ఈ దేశంలో ఇంటీరియర్ డిజైనర్లు కనిపెట్టింది కాదు. దానికి దెబ్బలు తిన్నవాళ్లున్నారు. జోతిబా ఫూలే 1868లో పూణేలో తన ఇంటి నీళ్ల తొట్టిని అంటరాని కులాలకి తెరిచాడు. 1917 మే 29న కేరళలో చెరాయి దగ్గర సహోదరన్ అయ్యప్పన్ పులయ పిల్లలతో కలిసి మిశ్రభోజనం పెట్టించాడు. సొంత ఈళవ కులమే ఆయన్ని వెలేసింది. "పులయన్ అయ్యప్పన్" అని ఎగతాళి చేసింది. ఆయన ఆ పేరుని గౌరవంగానే తీసుకున్నాడు.

అదే 1917. కొలంబియాలో చదువుకొచ్చిన అంబేడ్కర్‌కి బరోడాలో ఉండటానికి ఒక గది దొరకలేదు. పార్సీల సత్రంలో పార్సీ పేరుతో ఉంటే, సంగతి తెలిసి కర్రలతో వచ్చి ఖాళీ చేయించారు. ఆ మనిషే 1930ల మొదట్లో బొంబాయి దాదర్‌లో రాజగృహ కట్టుకున్నాడు. ఆ ఇంటికి గుండెకాయ పుస్తకాలు. మన చరిత్రలో ఇంటీరియర్ డిజైన్ గురించి పాఠం రాయాల్సి వస్తే మొదటి పేజీలో నేను రాజగృహని పెడతాను.

మన ఆంధ్రలో గోరా 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు. సహపంక్తి భోజనాలు నడిపారు. భోజనం దగ్గర ఆగలేదు. 1948లో కూతురు మనోరమకి దళితుడైన అర్జునరావుతో సేవాగ్రామ్‌లో పెళ్లి జరిగింది. 1960లో కొడుకు లవణం మహాకవి జాషువా కూతురు హేమలతని చేసుకున్నారు.

ఎందుకు ఆగకూడదో బాబాసాహెబ్ 1936లోనే చెప్పారు. లాహోర్ జాత్‌పాత్ తోడక్ మండల్ సభ కోసం రాసి, వాళ్లు సభ రద్దు చేస్తే సొంతంగా అచ్చువేసిన "కుల నిర్మూలన"లో ఆయన వాదన ఇది: కలిసి తిన్నంత మాత్రాన కులం పోదు. కులాంతర వివాహం కావాలి, కులానికి పవిత్రత ఇచ్చిన శాస్త్రాల మీద నమ్మకం పోవాలి. అంటే బల్ల పొడవు పెంచితే చాలదు. సంబంధం మాట్లాడుకునేటప్పుడు కూడా అదే బల్ల దగ్గర కూర్చోబెట్టాలి.

6. మరి మనం ఎలా కట్టుకోవాలి?

మా అక్క కూతురు ఇంటీరియర్ డిజైన్ చదువుతోంది. అక్కా బావా మా పల్లెలో రిటైర్మెంట్ డబ్బుతో ఇల్లు కడుతున్నారు, నక్ష ఆ పిల్లదే. "మామయ్యా, నువ్వు ట్రెడిషనల్ అంటేనే తిడతావు. మరి మనకి సంప్రదాయం లేదా?" అని నిలదీసింది.

ఉంది. మన పూరిల్లు పుట్టినప్పటినుంచీ ఓపెన్ ప్లానే. ఒకటే గది. అందులోనే పొయ్యి, పడక, తిండి, పిల్లల చదువు. చుట్టాలొస్తే పొయ్యి దగ్గరే పీట వేస్తాం. దాన్ని పొగడను. అది పేదరికం పెట్టిన ఇరుకు. ఆ పొగలో మా అమ్మ కళ్లు పాడయ్యాయి. కానీ ఆ గదిలో ఒక విలువ ఉంది. మా పొయ్యి ఎవరి చూపుకీ మైలపడలేదు. ఇరుకుని వదిలేసి ఆ విలువని తెచ్చుకోవచ్చు కదా.

మేనకోడలు అలాగే గీసింది. హాలు, భోజనం, వంట మూడూ ఒకటే పెద్ద గది. పొయ్యి మీద పొగ లాగే చిమ్నీ, ఎదురెదురు కిటికీలు. కింద కడప నాపరాళ్లు. పన్నెండు మంది పట్టే చెక్క బల్ల. సోఫా బదులు రెండు నులకమంచాలు, ఎవరొచ్చినా లేవక్కర్లేదు. వీధి వైపు అరుగు ఉంది, ఎవరైనా కూర్చోవచ్చు. వెనక గుమ్మం ఇంటివాళ్లకీ పనివాళ్లకీ ఒకటే. విడిగా గ్లాసులు లేవు. పూజగదికి అనుకున్న మూల పుస్తకాల అర అయ్యింది. దాని మీద మా అక్కకీ దానికీ వారం రోజులు గొడవ. చివరికి అక్కే "నీ మార్కుల మెమోలూ అందులోనే పెట్టుకో" అని ఒప్పుకుంది.

గోడకి చేర్యాల పటం పెడతానంది. ఏ కథది అని అడిగాను. నకాషీ కళాకారులు ఆ పటాలు వేసింది హాళ్ల అలంకారం కోసం కాదు. ఒక్కో కులానికి పురాణం చెప్పే ఆశ్రిత కులాల కోసం. మాదిగల జాంబపురాణాన్ని డక్కలివాళ్లు పటం పట్టుకునే చెప్పేవాళ్లు. మన తాత ఆదిజాంబవుడు లోకం పుట్టక ముందే ఉన్నాడని, బ్రాహ్మణ పురాణాన్ని తలకిందులు చేసే కథ అది. ఆ కథ కావాలని అడిగి వేయించుకోమన్నాను. అప్పుడు అది గోడ మీద అందం కాదు, ఇంటికొచ్చిన పిల్లలకి చెప్పాల్సిన చరిత్ర.

మిత్రులారా, ఉయ్యాల బల్ల కొనుక్కోవద్దని, ఇత్తడి పెట్టుకోవద్దని నేననడం లేదు. ఆ ఇత్తడి పోసిందీ ఆ చెక్క చెక్కిందీ శ్రమ కులాలే. వస్తువుతో తగువు లేదు. ఆ వస్తువుతో పాటు గుమ్మాల లెక్క కూడా ఇంట్లోకి వస్తోందేమో చూసుకోమంటున్నాను. కొత్త ఇంటికి వెళ్లినప్పుడు హాలు ఎంత పెద్దదని చూడకండి. పనికొచ్చిన మనిషి ఏ గుమ్మంలోంచి వస్తోంది, ఏ గ్లాసులో తాగుతోంది, ఎక్కడ కూర్చుంటోంది... ఈ మూడూ చూడండి. మన ఇళ్లలోనూ చూడండి.

మీ తాతలు, అమ్మమ్మలు ఏ ఇంట్లో ఏ గుమ్మం దాకా వెళ్లారో అడిగి రాసి ఉంచుకోండి. ఆ నక్ష ఏ ఆర్కిటెక్చర్ కాలేజీలోనూ దొరకదు.

వచ్చే భాగం: హోటల్లో రెండు గ్లాసులు.

జై భీమ్.