మాట వినే యంత్రం

తెలుగులో ‘వినడం’ అనే మాటకు రెండు అర్థాలున్నవి. చెవికి సోకిన ధ్వనిని గ్రహించడం ఒకటి. చెప్పినట్లు నడుచుకోవడం మరొకటి. ‘ఆ పిల్లవాడు మాట వింటాడు’ అని మనం అన్నప్పుడు అతని చెవుల సంగతి కాదు, అతని నడవడి సంగతి చెప్పుతున్నాము. రేడియో ఉన్న ఇళ్ళవారికి మొదటి అర్థం నిత్యానుభవమే. రెండవ అర్థంలో వినే రేడియో కూడా ఒకటున్నది. దూరాన నిలిచిన మనిషి మీట కదిపితే కదిలి, తిరిగి, ఆగే యంత్రంలో అమర్చినది ఆ రేడియోయే. ఈనాడు అభిరుచి గలవారు తీరికవేళల్లో కూర్చి ముంగిట నడిపే చిన్న యుద్ధ టాంకు నమూనాలో అది ఉన్నది. ఆ నమూనాను ఆటవస్తువుగా చూడటంలో తప్పు లేదు. కాని దాని వెనుక నూట ఇరవై యేండ్లకు మించిన చరిత్ర ఉన్నది. ఆ చరిత్ర పొడుగునా ఒకే ప్రశ్న మళ్ళీ మళ్ళీ ఎదురవుతుంది. యంత్రం ఎవరి మాట వినవలె?

ఈ కథ నేలమీద గాక నీటిమీద మొదలైనది. 1898వ సంవత్సరంలో న్యూయార్కు నగరపు మాడిసన్ స్క్వేర్ గార్డెనులో విద్యుత్ ప్రదర్శన ఒకటి జరిగినది. నికోలా టెస్లా అక్కడొక నీటితొట్టిలో సుమారు నాలుగడుగుల పొడవు గల ఇనుప పడవను తేలవేసినాడు. పడవకు తాడు లేదు, తీగ లేదు. లోపల బాటరీ, మోటారు, చుక్కాని. పైన సంకేతాలను పట్టే కడ్డీలు, చిన్న దీపాలు. టెస్లా దూరాన నిలిచి మీట తిప్పగా పడవ అటూ ఇటూ తిరిగినది. చూపరులలో ఒకరు 64కు ఘనమూలమెంత అని పడవను అడుగగా, దాని దీపం నాలుగుసార్లు వెలిగినదని చెబుతారు. లెక్క కట్టినది పడవ కాదు, టెస్లాయే. కాని యంత్రంలో ఎవరో కూర్చున్నారనే భ్రాంతి ఆనాడే జనించినది.

ఆ యేటనే అమెరికాకు స్పెయినుతో యుద్ధం జరిగినది. టెస్లా తన పడవను వినోదవస్తువుగా భావించలేదు. మనుషులు ఎక్కనక్కరలేని టార్పెడో పడవకు అది నమూనా. 1898 నవంబరు 8న ఆయనకు లభించిన 6,13,809వ సంఖ్య గల అమెరికను పేటెంటు నౌకలకే గాక వాహనాలకు కూడా వర్తిస్తుంది. కనుక ఈనాటి రేడియో టాంకు నమూనాకు కూడా మూలపురుషుడు ఆయనే. అట్టి ఆయుధం ఒకటి ఉన్నదని తెలిసిన పిమ్మట దేశాలు యుద్ధానికి వెనుదీయగలవనీ, లోకంలో శాంతి నెలకొనగలదనీ ఆయన ఆ పేటెంటులోనే ఆశ ప్రకటించినాడు. ఆ ఆశ ఎంతవరకు ఫలించినదో తరువాతి శతాబ్దమే చెప్పినది.

ఆనాటి యంత్రపు చెవి చాల మోటుది. గాజుగొట్టంలో లోహపు రజను ఉంటుంది. విద్యుత్తరంగం సోకగానే రజనులోని రేణువులు ఒకదానికొకటి అంటుకొని కరెంటుకు దారి ఇస్తవి. తరువాతి సంకేతాన్ని వినవలెనంటే గొట్టాన్ని కదిపి రేణువులను మళ్ళీ విడదీయవలె. అట్టి చెవికి మాటల భేదం తెలియదు. చప్పుడు వినిపించినదా లేదా అన్నదొక్కటే తెలుసును. అందుచేత ఒక్కొక్క సంకేతానికి లోపలి చక్రం ఒక్కొక్క మెట్టు జరిగి, చుక్కానిని వరుసగా ఒక్కొక్క స్థితికి తెచ్చేది. అంతకంటె పెద్ద చిక్కు మరొకటి. పరులు పంపిన తరంగానికి కూడా ఆ చెవి అదే విధంగా పలుకుతుంది. రాత్రివేళ మీడియం వేవులో ఒక కేంద్రంపై మరొక కేంద్రం వచ్చి పడటం శ్రోతలెరిగినదే. పాటలో మరొక పాట కలిస్తే చికాకు మాత్రమే కలుగును. పేలుడుమందు మోసే పడవకు మరొకరి ఆజ్ఞ వినబడితే ప్రాణాలే పోవును. టెస్లా ఈ ప్రమాదం గుర్తించినాడు. రెండు వేర్వేరు తరంగాలు ఒకేసారి అందితే తప్ప పలుకని పద్ధతిని కనిపెట్టి, 1903లో దానికి పేటెంట్లు పొందినాడు. రెండు తాళంచెవులు కలిస్తేనే తెరుచుకునే పెట్టె వంటిదది.

నేలమీద ఈ ప్రయోగం పెద్దయెత్తున చేసినది సోవియట్ సైన్యం. 1930 తరువాతి దశకంలో వారు టి-26 అనే తేలిక టాంకులను రేడియోతో నడపడానికి వీలుగా మార్చినారు. టెలిటాంకులని వాటికి పేరు. వెనుక 500 మొదలు 1500 మీటర్ల దూరంలో మరొక టాంకులో కూర్చున్నవారు వీటికి ఆజ్ఞలు పంపేవారు. 1939-40 శీతకాలంలో ఫిన్లండుతో జరిగిన యుద్ధంలో వీటిని దింపినారు. అక్కడ రెండవ లోపం బయటపడినది. యంత్రానికి చెవి ఉన్నది గాని కన్ను లేదు. ముందున్న గోతిని, బండరాయిని లోపలినుండి చూచేవారు లేరు; వెనుకనున్నవానికి కనిపించదు. చెప్పినట్లు నడిచే యంత్రం చెప్పినట్లే గోతిలో పడుతుంది.

జర్మనులు 1942 మొదలుకొని గోలియత్ అనే చిన్న శకటాన్ని యుద్ధంలో వాడినారు. దాని పొడవు ఒకటిన్నర మీటరు, ఎత్తు నడుముకంటె తక్కువ. ఇనుప పట్టాలమీద ప్రాకుతూ పోయి, 60 కిలోల పేలుడుమందుతో శత్రువు చెంత తానూ పేలిపోవడమే దాని పని. తరువాతి రకాలు 100 కిలోల దాకా మోసినవి. అట్టివి 7,500కు పైగా తయారైనవి. విచిత్రమేమనగా, రేడియో వృద్ధిపొందిన ఆ కాలంలో గోలియతును నడిపినది తీగ. తీగగుండా వచ్చే మాటలో పరుల మాట కలియదు. ఖర్చు కూడా తక్కువ. కాని తీగకు తీగ దోషముండనే ఉన్నది. 1944లో వార్సా నగరంలో తిరుగుబాటుదారులు ప్రాణాలకు తెగించి వీధులలోకి వచ్చి ఆ తీగలనే తెంపినారు. చెవి తెగిన యంత్రం నడివీధిలో నిలిచిపోయినది.

తీగ తెగిపోతుంది, తరంగాన్ని శత్రువు చెరుపుతాడు. మరి దారి ఏది? సమాధానం ఎవరూ ఎదురుచూడని చోటునుండి వచ్చినది. వియన్నాలో పుట్టి హాలీవుడ్ చిత్రాలలో పేరొందిన నటి హెడీ లమార్, జార్జి ఆంథైల్ అనే సంగీతకర్త కలసి 1942 ఆగస్టు 11న ఒక పేటెంటు పొందినారు. ఆయుధవ్యాపారి అయిన మొదటి భర్త ఇంట ఆమె ఆయుధాల గురించిన సంభాషణలు విన్నది. ఆంథైల్ పియానోలను యంత్రాలతో వాయింపజేయడంలో అనుభవజ్ఞుడు. టార్పెడోకు ఆజ్ఞ పంపేటప్పుడు ఒకే పౌనఃపున్యం మీద నిలువక, ఒకదానినుండి మరొకదానికి గంతులు వేయవలెనని వారి సూచన. యంత్రపియానోలోని చిల్లులు పొడిచిన కాగితపు చుట్ట వంటిది ఒకటి పంపేవానివద్ద, ఒకటి టార్పెడోలో ఉండి, రెండూ ఒకే క్షణాన ఒకే మెట్టుకు మారుతవి. పియానోకు 88 మెట్లు. వారు తలచిన పౌనఃపున్యాలు కూడా 88. రాగం తెలిసినవాడే వినగలడు. తెలియనివానికి అక్కడక్కడ ఒక్కొక్క స్వరం తప్ప మరేమీ అందదు. అమెరికా నౌకాదళం ఆ యుద్ధంలో దీనిని వాడలేదు.

ఇక ఇంటి బల్లమీది యంత్రానికి వద్దాము. 1937లో అమెరికాలోని మిషిగను రాష్ట్రంలో వాల్టర్ గుడ్, విలియం గుడ్ అనే కవల సోదరులు ‘గఫ్’ అనే నమూనా విమానాన్ని రేడియోతో ఎగురవేసినారు. అది ఇప్పుడు స్మిత్సోనియన్ సంస్థవద్ద భద్రంగా ఉన్నది. ఆ కాలపు నమూనాలలో మెలితిప్పిన రబ్బరు పట్టీ బలంతో తిరిగే చిన్న మరచక్రం ఉండేది. ఒక సంకేతానికి కుడి, విడిస్తే తిన్నన, మరొక సంకేతానికి ఎడమ. అనగా టెస్లా పడవలోని మెట్లచక్రమే. వేలు ఎంత కదిలితే చుక్కాని అంతే కదిలే పద్ధతి 1960 తరువాత గాని వ్యాపించలేదు.

టాంకు నమూనాకు వచ్చేసరికి జపాను ముందు నిలిచినది. షిజువోకా నగరపు టామియా సంస్థ 1974లో అమెరికను షెర్మన్ టాంకును పదహారవ వంతు కొలతలో, రేడియోతో నడిచేటట్లు తయారుచేసినది. ఈ ‘పదహారవ వంతు’లో చక్కని గణితమున్నది. అసలు షెర్మన్ పొడవు సుమారు 5.84 మీటర్లు, నమూనా పొడవు 36.5 సెంటీమీటర్లు. కాని బరువు ఆ లెక్కన తగ్గదు. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ పదహారవ వంతైనప్పుడు బరువు 4096వ వంతగును. 30 టన్నుల టాంకుకు సరియైన నమూనా బరువు ఏడు కిలోలకు కొంచెం ఎక్కువ. ప్లాస్టిక్ నమూనా అంత తూగదు; అందుచేతనే గులకరాయి తగిలితే ఎగిరిపడుతుంది. నేర్పరులు అడుగున సీసపు బిళ్ళలు పేర్చి, ఇనుప పట్టాలు తొడిగి, దానికి టాంకు నడక నేర్పుతారు. వేగం కూడా అంతే. గంటకు 40 కిలోమీటర్లు పోయే టాంకు నమూనా రెండున్నర కిలోమీటర్లు పోతే చాలును. అది తప్పటడుగుల బిడ్డ నడక.

తిరగడంలో మరొక విశేషమున్నది. నమూనాలో కుడి పట్టాకు ఒకటి, ఎడమ పట్టాకు ఒకటి మోటార్లుంటవి. ఒకటి ముందుకు, ఒకటి వెనుకకు త్రిప్పితే నమూనా ఉన్నచోటనే గిరగిర తిరుగును. అసలు షెర్మన్ ఆ పని చేయలేదు. దాని రెండు పట్టాలూ ఒకే దిక్కుకు నడుస్తూ, ఒకటి నెమ్మదించినప్పుడు మాత్రమే బండి మలుపు తిరిగేది; అందుకు విశాలమైన చోటు కావలసి వచ్చేది. కనుక నిజాయితీగల నమూనాకారుడు యంత్రం చేయగల పనినైనా చేయించక తన చేతిని అదుపులో పెట్టుకుంటాడు. యంత్రం మాట వినడమేగాక, ఏ మాట చెప్పరాదో మనిషి తెలిసికొనడం కూడా ఈ విద్యలో భాగమే.

పరుల మాట కలియకుండా చూచుట ఇక్కడ కూడా సమస్యయే. 27 మెగాహెర్ట్జ్ వంటి పౌనఃపున్యాలు వాడిన దినాలలో ఒకే మైదానంలో ఇద్దరి స్ఫటికాలు ఒకటే అయితే ఒకరి మీటకు మరొకరి బండి పరుగెత్తేది. అందుకై నమూనాకారుల సంఘాలు ఒక పలక పెట్టి, పౌనఃపున్యానికొక క్లిప్పు తగిలించేవి. క్లిప్పు చేతనున్నవాడే మీట తాకవలె. 2.4 గిగాహెర్ట్జ్ పరికరాలు వచ్చిన తరువాత ఆ పలక అవసరం చాలవరకు తీరినది. పంపే పెట్టెకు తనదైన గుర్తుసంఖ్య ఒకటుంటుంది. మొదటిసారి జతపరచినప్పుడు టాంకులోని గ్రాహకం దానిని జ్ఞాపకముంచుకొని, ఆపైన ఆ గొంతునే వింటుంది. వీటిలో అనేకం ఒక పౌనఃపున్యంనుండి మరొకదానికి గంతులు వేస్తూనే మాట్లాడుకొంటవి. నటి, సంగీతకర్త టార్పెడోకై తలచిన ఉపాయం నేడు పిల్లవాని బొమ్మలో పనిచేస్తున్నది.

ఆయుధంనుండి బొమ్మకు వచ్చిన ఈ విద్య ప్రాణరక్షణకు కూడా ఉపయోగపడుతున్నది. మన రక్షణ పరిశోధన సంస్థ రూపొందించిన ‘దక్ష్’ అనే చక్రాల యంత్రం 2011లో సైన్యానికి అందినది. మెట్లెక్కి పోయి బాంబును పట్టుకొనగలదది. నడిపేవాడు 500 మీటర్ల దూరాన క్షేమంగా ఉండవచ్చును. తెలంగాణలోని ఎద్దుమైలారం కర్మాగారంలో తయారయ్యే సాయుధ శకటం రకాన్నే ఆధారంగా చేసికొని, మనిషి లేక నడిచే ‘ముంత్ర’ను చెన్నై చెంత ఆవడిలో నిర్మించినారు.

టెస్లా 1900లో వ్రాసిన ఒక వ్యాసంలో తన పడవకున్నది ఎరువు తెచ్చుకున్న బుద్ధి అన్నాడు. ఒకనాటికి సొంత బుద్ధితో, నడిపేవాని ప్రమేయం లేక వర్తించే యంత్రాలను కూడా నిర్మించవచ్చునని ఊహించినాడు. ఆ దినం నేడు మన గడపలో ఉన్నది. కాగా నమూనా టాంకు కూర్చినవాడు దానిని నేలమీద దింపకమునుపు చేసే పరీక్ష ఒకటున్నది. చక్కదిమ్మెపై పట్టాలు నేలకానకుండా నిలిపి, మోటార్లను పూర్తి వేగంతో తిప్పి, చేతిలోని పెట్టెను ఉన్నట్టుండి ఆర్పివేస్తాడు. పట్టాలు వెంటనే ఆగితే బండి సిద్ధం. ఆగకపోతే విప్పి మళ్ళీ అమర్చవలసినదే. యజమాని మాట వినబడనప్పుడు యంత్రం ఏమి చేయవలె అనే ప్రశ్నకు ఇంటి బల్లమీద కుదిరిన సమాధానమది. యుద్ధభూమిలోని యంత్రాలకు కూడా ఆ పరీక్ష పెట్టే బాధ్యత మనుషులదే. దానిని యంత్రాలకు అప్పగించి ఊరకుండరాదు.