ఉద్దానానికి దర్శకుడెవరు?

గోదావరి అనగానే తెలుగు ప్రేక్షకుడికి వంశీ గుర్తొస్తాడు. గడీ అనగానే బి.నర్సింగరావు గుర్తొస్తారు. విశాఖ బీచ్ అంటే ఒక తరానికి బాలచందర్, ఇంకో తరానికి జంధ్యాల. మరి పలాస, టెక్కలి, సోంపేట, ఇచ్ఛాపురం అంటే? జీడితోటలూ కొబ్బరితోటలూ అంటే? మా మూలపేట వైపు ఉప్పుమళ్ళూ తంపరలూ పడవలూ అంటే? మొన్నమొన్నటి దాకా ఈ ప్రశ్న అడిగితే చాలామంది కాసేపు ఆలోచించి, సినిమా పేరు కాకుండా ఒక కథ పేరో ఒక పాట పేరో చెప్పేవాళ్ళు. కారా మాస్టారి 'యజ్ఞం' చెప్పేవాళ్ళు, వంగపండు పేరు చెప్పేవాళ్ళు. దర్శకుడి పేరు మాత్రం నోటికి వచ్చేది కాదు.

కథకులకీ పాటగాళ్ళకీ కొదవ లేని చోటికి సినిమా దర్శకుడు అంత ఆలస్యంగా ఎందుకొచ్చాడు? వచ్చాక ఏం చేశాడు? ఈ రెండు ప్రశ్నలకీ జవాబు వెతకాలంటే, దర్శకుడి శైలి అని మనం దేన్ని అంటున్నామో ముందు తేల్చుకోవాలి.

ఫ్రాన్సులో ఫ్రాన్స్వా త్రూఫో 1954లో 'కాయే ద్యు సినిమా' పత్రికలో రాసిన వ్యాసంతో మొదలై, అమెరికాలో ఆండ్రూ సారిస్ 1962లో సిద్ధాంతంలా రాసిపెట్టిన మాట ఒకటుంది: సినిమాకి అసలు రచయిత దర్శకుడే, మంచి దర్శకుడు ఏ కథ ఇచ్చినా అందులో తన వేలిముద్ర వదులుతాడు అని. మనవాళ్ళు ఈ సిద్ధాంతం చదవకుండానే ఆ పని చేస్తున్నారు. 'ఇది ఫలానా డైరెక్టర్ మార్కు సినిమా' అంటాం చూడండి, ఆ 'మార్కు' అదే. కాకపోతే మనం మార్కు అన్నప్పుడు ఎక్కువగా పైకి కనబడేవే లెక్కేస్తాం. పాట ఎలా తీశాడు, కామెడీ ఎలా రాయించుకున్నాడు, ఫైటులో కార్లు ఎన్ని లేచాయి... ఇలా. అసలు శైలి అంతకన్నా లోపల ఉంటుంది. ఏది చూపించాలి, ఏది చూపించకూడదు, ఎక్కడ నిలబడి చూడాలి అన్న నిర్ణయాలు ఒక మనిషి చేతిలో సినిమా తర్వాత సినిమాగా ఒకేలా పడుతుంటే, అదీ శైలి.

కె.వి.రెడ్డినే తీసుకోండి. రిహార్సల్లో ఒక్కో సీనూ ఎంతసేపు నడుస్తుందో స్టాప్ వాచ్ పెట్టి కొలిచి, షూటింగుకి ముందే సినిమా నిడివి లెక్క తేల్చుకునేవారని ఆయన దగ్గర పనిచేసినవాళ్ళు చెబుతూ వచ్చారు. నాలాంటి సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఇది వినగానే ముచ్చటేస్తుంది. డిజైన్ అంతా కాగితం మీద అయిపోయాకే కోడ్ రాయడం లాంటిది. అయితే ఆయన గొప్పతనం గడియారంలో లేదు. 1957 నాటి 'మాయాబజార్' పాండవుల ఇంటి పెళ్ళి కథ, అందులో పాండవులే కనిపించరు. ఘటోత్కచుడు, కృష్ణుడు, శశిరేఖ చాలనుకున్నారు. కథలో పెద్దలెవరో వాళ్ళని తెర బయట పెట్టి సినిమాని పిల్లల చేతికీ మాయల చేతికీ ఇచ్చెయ్యడం ఒక దర్శకుడి నిర్ణయం. అదే వాహినిలో బి.ఎన్.రెడ్డి 1951లో 'మల్లీశ్వరి' తీసినప్పుడు పక్కకి పెట్టింది వేరు. రాయల కాలం కథ అయినా యుద్ధాల జోలికి పోకుండా, ఊళ్ళో ఇద్దరు మనుషుల ఎడబాటు దగ్గరే ఆగారు. ఇద్దరిదీ ఒకే నేల, రాయలసీమ. ఇద్దరూ పనిచేసింది ఒకే మద్రాసులో. అయినా ఎవరి సినిమా ఎవరిదో రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది.

ఇక్కడే మన ప్రశ్నకి మొదటి జవాబు కూడా ఉంది. ఆ శైలులన్నీ మద్రాసు స్టూడియోల్లో, వేసిన సెట్ల మధ్య పుట్టాయి. అడవి సెట్టే, పల్లె సెట్టే, సముద్రం కూడా వీలైతే సెట్టే. ఆ స్టూడియోల్లోకి వెళ్ళిన డబ్బు ఎక్కువగా కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాలది. అక్కడి భాషే సినిమా భాష అయింది. గురజాడ విజయనగరం నుంచి రాసిన 'కన్యాశుల్కం' కూడా 1955లో పి.పుల్లయ్య చేతిలో సినిమా అయ్యేసరికి మద్రాసు మాటే ఎక్కువ వినబడింది. ఇక శ్రీకాకుళం మాట సంగతి చెప్పనక్కర్లేదు. 'ఏటి' అన్నా, 'నాను' అన్నా, 'గుంట' అన్నా హాల్లో నవ్వు పుట్టాలి. ఆ మాట పనిమనిషికో, వాచ్‌మన్‌కో, హీరో పక్కనుండే అమాయకుడికో ఇచ్చేవారు. హీరోకి ఇచ్చేవారు కాదు. ఒక ప్రాంతపు మాట దశాబ్దాల పాటు నవ్వు కోసమే వినబడితే, ఆ ప్రాంతంలో పుట్టినవాడు పట్నం వెళ్ళగానే ముందు మార్చుకునేది తన మాటనే. హాస్టల్లో నెలరోజుల్లో 'ఏటి' పోయి 'ఏంటి' రావడం మావైపు వాళ్ళందరికీ తెలిసిన సంగతే. సినిమా వల్లే ఇదంతా జరిగిందని అనను గానీ, సినిమా చెయ్యి ఇందులో చిన్నదేమీ కాదు.

సరే, మాట సంగతి అలా ఉంచండి. కథలు లేకనా? ఒక్క పదేళ్ళ చరిత్ర చూద్దాం. 1938లో గూడవల్లి రామబ్రహ్మం 'మాలపిల్ల' తీశారు, మరుసటి ఏడు 'రైతుబిడ్డ'. చల్లపల్లి జమీందారు డబ్బుతో నడిచిన సారథి సంస్థ నుంచి జమీందారీ వ్యవస్థ మీద సినిమా రావడం అప్పటికీ ఇప్పటికీ విచిత్రమే. వేరే జమీందార్లు మండిపడ్డారు, కొన్నిచోట్ల సినిమా ఆపించారు కూడా. రామబ్రహ్మం శైలిని ఒక్క ముక్కలో చెప్పాలంటే: ఊళ్ళో సభ జరుగుతుంటే దాన్ని తెర మీదకి తెచ్చినట్టుంటుంది. పాటా, ఉపన్యాసమూ, కథా కలిసి నడుస్తాయి. ఆ 'రైతుబిడ్డ' వచ్చిన మరుసటి ఏడే, 1940 మార్చిలో, అఖిల భారత కిసాన్ సభ మహాసభ మన పలాసలో జరిగింది. మరికొద్ది రోజులకే, ఏప్రిల్ 1న, మందస జమీందారీలోని గుడారి రాజమణిపురంలో పోలీసు కాల్పులు జరిగాయి. వీరగున్నమ్మ ప్రాణాలు పోయింది అక్కడే. తెర మీద జమీందారీ రైతు కథ ఆడుతున్న రోజుల్లోనే, నేల మీద అదే కథ నెత్తురుతో నడిచింది. ఆ రెండింటికీ మధ్య వంతెన వేసే దర్శకుడు మాత్రం అప్పట్లో రాలేదు.

ఆ తర్వాత 1967లో లేవిడి, 1969 చివర్లో సుబ్బారావు పాణిగ్రాహి మరణం, 1970లో వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం. ఉద్యమం గురించి ఎవరి అభిప్రాయం వాళ్ళకుంటుంది. కానీ పాణిగ్రాహిని కళాకారుడిగా చూడండి. బొడ్డపాడులో పూజారిగా ఉంటూ, జముకుల కథ అనే పాత రూపంలోకి తన కాలాన్ని తెచ్చినవాడు. జముకు వాయిస్తూ ఒకరు కథ ఎత్తుకుంటే పక్కవాళ్ళు వంతలు పాడతారు, మధ్యలో వెక్కిరిస్తారు, ప్రశ్నిస్తారు. కథకుడు ఒక క్షణం రాజు, ఇంకో క్షణం బంటు, మరుక్షణం ఊరివాడు. ఎవరి పక్కన నిలబడి చూడాలి అన్నదే శైలి అయితే, ఉద్దానానికి సినిమా రాకముందే ఒక సొంత శైలి ఉన్నట్టే కదా?

తెలంగాణలో పరిస్థితి వేరుగా నడిచింది. 'మా భూమి'ని బెంగాల్ నుంచి వచ్చిన గౌతమ్ ఘోష్ తీసినా, నిర్మాతల్లో ఒకరైన నర్సింగరావు అక్కడితో ఆగలేదు. తనే దర్శకుడై 1983లో 'రంగుల కల', 1988లో 'దాసి' తీశారు. 'దాసి'లో గడీ లోపలి మౌనమే సగం కథ చెబుతుంది. అర్చనకి ఉత్తమ నటిగా జాతీయ పురస్కారం తెచ్చిన ఆ పాత్రకి పెద్ద డైలాగులేమీ ఉండవు. ఒక ప్రాంతానికి తన దర్శకుడు దొరకడం అంటే ఇదీ. బయటివాడు వచ్చి దారి వేశాక, లోపలివాడు ఆ దారిలో ఇంటిదాకా నడిచాడు.

ఉత్తరాంధ్రలో ఆ నడక 2018లో కంచరపాలెం దాకా వచ్చింది. వెంకటేష్ మహా 'కేరాఫ్ కంచరపాలెం'లో స్థానికులనే నటుల్ని చేసి, వాళ్ళ మాటల్ని ఉన్నవి ఉన్నట్టు రికార్డు చేశాడు. డబ్బింగ్ థియేటర్లో యాస వేసుకోవడానికీ, ఆ యాసలోనే బతికే మనిషి గొంతు వినడానికీ ఎంత తేడా ఉందో ఆ సినిమా చూసినవాళ్ళకి చెప్పనక్కర్లేదు. అయితే అది విశాఖ నగరం. ఇంకా ఈశాన్యానికి, పలాస దాకా వచ్చింది కరుణ కుమార్.

'పలాస 1978' 2020 మార్చి 6న విడుదలైంది. రెండు వారాలు తిరక్కముందే కరోనాతో హాళ్ళు మూతపడ్డాయి. ఎక్కువమంది దాన్ని ఇంట్లో ఫోనులోనో టీవీలోనో చూశారు. కథ ఇద్దరు దళిత సోదరులది. ఇద్దరూ ఆడిపాడే కళాకారులు. పలాసలో వ్యాపారం చేతిలో పెట్టుకున్న షావుకార్ల మధ్య తగువులో ఈ ఇద్దరూ మొదట మనుషులవుతారు, తర్వాత కత్తులవుతారు, చివరికి అడ్డమవుతారు. రఘు కుంచె స్వరపరిచిన 'నక్కిలీసు గొలుసు' పాట ఊరూరా మోగింది గానీ, ఆ పాట వెనక ఉన్న కాళ్ళు ఎవరివో, వాటిని ఎవరు ఆడిస్తున్నారో సినిమా చూస్తేనే తెలుస్తుంది.

నాకు అందులో ముఖ్యంగా అనిపించింది మాట. రక్షిత్, తిరువీర్ పాత్రలు మా యాసలో కోపగిస్తాయి, ప్రేమిస్తాయి, ఏడుస్తాయి. 'ఏటి' అన్న మాటకి హాల్లో ఎవరూ నవ్వరు, ఎందుకంటే ఆ మాట అంటున్నవాడి చేతిలో అప్పటికి కత్తి ఉంది. సినిమాలో లోపాలు లేవా? ఉన్నాయి. రెండో సగంలో సంవత్సరాలు మరీ పరుగెత్తుతాయి, పగ సినిమాల పాత చట్రం అక్కడక్కడ బయటపడుతుంది. అయినా కరుణ కుమార్ తర్వాతి సినిమాలు పక్కన పెట్టి చూస్తే ఒక గీత కనబడుతుంది. 2021లో 'శ్రీదేవి సోడా సెంటర్', అమలాపురం ప్రాంతంలో కులం మింగేసిన ప్రేమ. 2024లో 'మట్కా', విశాఖలో కింద నుంచి పైకెక్కిన జూదగాడు. ఊరు మారినా, హీరోల స్థాయి పెరిగినా, ఆయన అడిగేది ఒకటే ప్రశ్న: ఈ ఊళ్ళో డబ్బు ఎవరి చేతిలో ఉంది, ఆ చెయ్యి ఎవరి కులానిది? అన్ని సినిమాలూ సమానంగా కుదరలేదు. బడ్జెట్ పెరిగేకొద్దీ ప్రశ్న పలచబడింది కూడా. కానీ ప్రశ్న ఒకటే కావడం వల్లే ఆయనకి శైలి ఉందని అనగలుగుతున్నాం.

పక్కనే 'తండేల్' పెట్టి చూడండి. 2025 ఫిబ్రవరిలో వచ్చింది, దర్శకుడు చందూ మొండేటి. 2018 చివర్లో గుజరాత్ తీరం నుంచి వేటకెళ్ళి పాకిస్తాన్ చేతికి చిక్కి, 2020 జనవరిలో వాఘా దగ్గర తిరిగొచ్చిన మన జిల్లా మత్స్యకారుల కథ దానికి ఆధారం. చందూ మార్కు 'కార్తికేయ' నుంచీ తెలిసిందే. ఒక నమ్మకం, ఒక ప్రమాదం, దాన్ని దాటించే పెద్ద ప్రయాణం. 'తండేల్'లోనూ అదే ఉంది. ప్రేమ నమ్మకం, సముద్రం ప్రమాదం, దేశం ప్రయాణం. నాగచైతన్య, సాయిపల్లవి అంతటి తారలు మా యాస పలకడం చిన్న మార్పు కాదు, అందుకు సంతోషించాలి. కానీ సినిమా పలచగా దాటేసిన ప్రశ్న ఒకటుంది. సుమారు 190 కిలోమీటర్ల తీరం ఉన్న జిల్లా మనుషులు వేట కోసం దేశానికి ఆ చివరనున్న వెరావల్ దాకా ఎందుకెళ్ళాలి? 'తండేల్' అన్న మాటే పడమటి తీరంది. ఆ మాట మన ఊళ్ళోకి ఎలా వచ్చిందన్నదే ఒక వలస చరిత్ర. చందూ కెమెరా పడవ ఎక్కినవాడితో వెళ్ళింది. పడవ ఎక్కక తప్పని ఊరి దగ్గర ఎక్కువసేపు ఆగలేదు. ఇది తప్పని కాదు, శైలి అంటే ఇదేనని చెప్పడం. దర్శకుడు ఎవరితో వెళ్తాడో, ఎవరిని వదిలి వెళ్తాడో అదే అతని సినిమా.

ఇద్దర్నీ పోల్చి ఒకరికి మార్కులేసి ఇంకొకరికి కొయ్యడం నా ఉద్దేశం కాదు. ఒకరు నేల మీద నిలబడ్డారు, ఇంకొకరు నీళ్ళ మీద. ఇద్దరి మధ్యా చాలా చోటు ఖాళీగానే ఉంది. 2010లో సోంపేట బీల కోసం, 2011లో కాకరాపల్లి తంపర కోసం థర్మల్ ప్లాంట్లని కాదన్న జనం మీద కాల్పులు జరిగాయి, ప్రాణాలు పోయాయి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను ఒక్క రాత్రిలో తరాల కొబ్బరిచెట్లని పడగొట్టింది. కిడ్నీ జబ్బు ఇళ్ళకి ఇళ్ళనే పట్టుకుంది. 2023 ఏప్రిల్‌లో మూలపేట పోర్టుకి శంకుస్థాపన జరిగింది. ఉప్పుమళ్ళ పక్కన రేపు క్రేన్లు కనబడతాయి. కొన్ని దృశ్యాలు తీసి పెట్టుకోకపోతే మళ్ళీ తీయడానికి ఉండవు. సెట్టు వేసి తెచ్చుకోగలిగేవి కావవి.

అందుకే ఒక చిన్న సలహా. వీలుంటే 'దాసి', 'కేరాఫ్ కంచరపాలెం', 'పలాస 1978', 'తండేల్' ఇదే వరుసలో చూడండి. ప్రతి సినిమాలోనూ రెండే ప్రశ్నలు వేసుకోండి: కెమెరా ఎవరి పక్కన నిలబడింది, మాట ఎవరి నోట్లోది? నాలుగూ అయ్యేసరికి దర్శకుడి శైలి అంటే ఏమిటో నా వ్యాసం కన్నా బాగా తెలుస్తుంది. ఉద్దానంలో పుట్టి, ఇప్పుడు ఏ హాస్టల్లోనో ఫోనుతో షార్ట్ ఫిల్ములు తీస్తున్న పిల్లో పిల్లాడో ఇది చదువుతుంటే, వాళ్ళకి ఇంకొక్క మాట: 'ఏటి'ని మార్చుకోకండి, మీ సినిమాకి అది కావాలి.