నోటు వెనుక చెల్లు

అమలాపురము మొదలు రాజోలు వరకు కోనసీమలో వెనుకటి రైతునకు ప్రామిసరీ నోటు ముఖముకంటె దాని వీపే ముఖ్యము. కట్టిన సొమ్మునకు చెల్లు అక్కడనే వేయింపవలెను. చెల్లు పడని సొమ్మును కోర్టులో రుజువు చేయుట కష్టము.

అయితే ఆ చెల్లులోనే ఒక చిక్కు ఉన్నది. మూడేండ్లు నిండకముందు ఋణస్థుడు పది రూపాయలు కట్టి చేవ్రాలు చేసినచో, నాటినుండి మరల మూడేండ్ల గడువు పుట్టును. అందుకే గడువు దగ్గరపడగానే షావుకారు గుమాస్తా గుమ్మమెక్కి, ఎంతో కొంత ఇమ్మని బ్రతిమాలెడివాడు. ఆ వినయమునకు అర్థము అదియే!

1929 తరువాత పంటల ధరలు పడిపోగా వడ్డీలు మోయరానివయ్యెను. అప్పటికి కోనసీమ మదరాసు రాజధానిలోనిది. రాజాజీ మంత్రివర్గము 1938లో రైతుల ఋణవిమోచన చట్టమును తెచ్చెను. 1932 అక్టోబరు 1కి పూర్వపు అప్పులపై, 1937 అక్టోబరు 1 నాటికి నిలిచిన వడ్డీ కొట్టివేయబడెను. అసలునకు రెట్టింపు ముట్టియుండినచో అప్పే తీరినట్లు. ఎంత ముట్టినదో తేల్చునది మరల ఆ చెల్లే. రసీదులు పెట్టెలో దాచినవారు గట్టెక్కిరి. నోటిమాటపై కట్టినవారి గతి వేరు.

నేడు ఆ నోటు వీపు సిబిల్ వంటి సంస్థల పరపతి నివేదికలోనికి చేరినది. తీర్చిన బాకీ తీరనట్లు అందు నిలిచినచో ఫిర్యాదు చేయవచ్చును. 30 దినములలో పరిష్కరింపనిచో దినమునకు 100 రూపాయల పరిహారమీయవలెనని రిజర్వు బ్యాంకు 2023లో ఆదేశించినది. వసూలుదారుడు మాత్రము ఇప్పటికిని ఫోనులో "కొంచెమైనను కట్టుడు" అనియే అనును. గడువు దాటిన బాకీనైనను ఇచ్చెదనని వ్రాసి చేవ్రాలు చేసినచో, 1872 నాటి కాంట్రాక్టు చట్టము ప్రకారము ఆ మాట చెల్లును.