అత్తయ్యగారి చీరల లెక్క

పోయిన వారం సోలార్ పెట్టే కుర్రాడు వచ్చి మా డాబా కొలిచి వెళ్లాడు. "మూడు కిలోవాట్లకి మూడొందల చదరపు అడుగులు కావాలమ్మా" అన్నాడు. అత్తయ్యగారు టేపు వైపు కూడా చూడలేదు. "మరి నా వడియాలు ఎక్కడ పెట్టుకోను?" అన్నారు. మావారు నవ్వేశారు. నాకు నవ్వు రాలేదు. ఇల్లు ఎవరి పేరున ఉన్నా, మార్చి నుంచి మే దాకా ఆ డాబా మా ఇద్దరిదీ. వడియాలు, ఒరుగులు, ఆవకాయ కారానికి మిరపకాయలు, చింతపండు అన్నీ అక్కడే ఎండాలి.

"అడుగులు నాకు తెలీవు గానీ అమ్మాయ్, ఎన్ని చీరల చోటు పోతుందో చెప్పు" అన్నారావిడ. వడియాలు పెట్టడానికి పరిచేది పాత నేత చీరలే కదా, ఆవిడ కొలత అదే. నేనూ ఆ కొలతతోనే చదవడం మొదలుపెట్టాను.

నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు ఒక చదరపు మీటరు చోటు మీద దాదాపు 1000 వాట్ల శక్తి పడుతుంది. అందులో ఎంత భాగాన్ని ప్యానెల్ కరెంటుగా మార్చగలదో అదే దాని సామర్థ్యం. మిగిలినది చాలావరకు వేడిగా పోతుంది. ఆరు గజాల చీర పరిస్తే ఆరు చదరపు మీటర్ల పైచిలుకు. ఇక లెక్క మన చేతిలోనే ఉంది.

వెలుగు పడితే కరెంటు పుడుతుందని 1839లో ఫ్రాన్స్‌లో ఎడ్మండ్ బెకరెల్ అనే పంతొమ్మిదేళ్ల అబ్బాయి కనిపెట్టాడు. 1880లలో న్యూయార్క్‌లో చార్లెస్ ఫ్రిట్స్ సెలీనియం మీద పల్చని బంగారు పూత వేసి సెల్ తయారుచేశాడు. బంగారం పెట్టినా దాని సామర్థ్యం ఒక్క శాతం ప్రాంతంలోనే ఆగింది. ఆ లెక్కన మాకు కావలసిన మూడు కిలోవాట్లకి 48 చీరల చోటు! మా డాబా, పక్కింటి డాబా, ఎదురింటి డాబా కలిపినా చాలదు.

మధ్యలో ఒక ముచ్చట చెప్పకుండా ఉండలేను. 1948లో అమెరికాలోని డోవర్‌లో పూర్తిగా ఎండతోనే వెచ్చగా ఉండే ఇల్లు కట్టారు. ఎండ వేడిని ఒకరకం ఉప్పులో దాచే పద్ధతి ఆలోచించింది మరియా టెల్కెస్, ఇల్లు గీసింది ఎలినార్ రేమండ్, డబ్బు పెట్టింది అమేలియా పీబాడీ. ముగ్గురూ ఆడవాళ్లే! కొన్ని చలికాలాలయ్యాక ఆ ఉప్పు సరిగా పనిచేయలేదు. అయితే అది వేడి సంగతి, కరెంటు కాదు. ఇల్లు అనగానే ఎండ గుర్తొచ్చింది వాళ్లకే అని మాత్రం నాకనిపించింది.

కరెంటు సంగతి తేలింది బెల్ ల్యాబ్స్‌లో. వాళ్లకి కావలసింది ఇళ్లు కాదు, టెలిఫోన్లు. ఉక్కపోత ప్రాంతాల్లో టెలిఫోన్ బ్యాటరీలు త్వరగా పాడైపోయేవి. దానికి మార్గం చూడమని డారిల్ చాపిన్‌కి అప్పజెప్పారు. ఆయన సెలీనియంతో తంటాలు పడుతుంటే, అదే సంస్థలో జెరాల్డ్ పియర్సన్, కాల్విన్ ఫుల్లర్ వేరే పని మీద సిలికాన్‌తో ప్రయోగాలు చేస్తున్నారు. దాని మీద దీపం వెలుగు పడేసరికి అనుకోనంత కరెంటు వచ్చింది. పియర్సన్ వెళ్లి చాపిన్‌కి సెలీనియం వదిలేయమని చెప్పాడట. ముగ్గురూ కలిసి 6 శాతానికి చేర్చారు. 1954 ఏప్రిల్ 25న ఆ సెల్స్‌తో చిన్న బొమ్మ రంగులరాట్నం తిప్పి లోకానికి చూపించారు.

48 చీరలు ఒక్కసారిగా ఎనిమిదయ్యాయి. మా డాబా మీద పరవచ్చు, ఇంకేమీ పరవడానికి ఉండదు, అంతే.

చోటు సరిపోయింది సరే, మరి డబ్బో? చాపినే లెక్క వేశాడు. ఒక్క వాటుకి 286 డాలర్లు. ఒక మామూలు ఇంటికి సరిపడా పెట్టాలంటే పద్నాలుగు లక్షల డాలర్లు దాటుతుంది. అందుకే ఆ సెల్స్ ఇంటి మీదికి రాకుండా ఆకాశంలోకి వెళ్లాయి. 1958 మార్చిలో ఎగిరిన వాన్‌గార్డ్-1 ఉపగ్రహంలో బ్యాటరీతో నడిచే రేడియో ఆ జూన్‌కే మూగబోతే, సోలార్ రేడియో 1964 దాకా పలికింది. ధర ఎంతైనా ఇచ్చేవాళ్లు అక్కడ దొరికారు కాబట్టే ఈ విద్య బతికిందని నా అభిప్రాయం.

ఆ తర్వాత ధర మెల్లగా దిగింది, సామర్థ్యం మెల్లగా ఎక్కింది. 1985లో ఆస్ట్రేలియాలో మార్టిన్ గ్రీన్ బృందం సిలికాన్ సెల్‌ని 20 శాతం దాటించింది. అది ప్రయోగశాలలో మాట. ఇప్పుడు మామూలు ఇళ్ల మీదికొచ్చే ప్యానెళ్లే 20 శాతం పైన ఉంటున్నాయి. సిలికాన్ ఒక్కదానితో 29 శాతం దాటడం కుదరదని శాస్త్రం చెబుతోంది కనుక, మరో పదేళ్లు ఆగితే ఒక్క చీరలో సరిపోతుందని ఎదురుచూడటం దండగ.

20 శాతానికి లెక్క రెండున్నర చీరలు. మరి కుర్రాడు మూడొందల అడుగులు ఎందుకడిగాడని నేనూ ఫోన్ చేసి అడిగాను. వరసల మధ్య నీడ పడకూడదు, తుడవడానికి మనిషి తిరగాలి, వాటర్ ట్యాంకు నీడకి దూరంగా ఉండాలట. అన్నీ కలిపితే నాలుగున్నర చీరలు. (తుడిచే మనిషి ఎవరో నేను అడగలేదు, మీరూ అడగకండి.)

ఇంకో సంగతి. ఎండ ఎక్కువైతే కరెంటు ఎక్కువొస్తుంది, కానీ ప్యానెల్ వేడెక్కితే తగ్గుతుంది. 25 డిగ్రీలు దాటాక ప్రతి డిగ్రీకి శాతంలో మూడో వంతు చొప్పున పడిపోతుంది. మన మే నెలలో ప్యానెల్ 60 డిగ్రీలు దాటుతుంది, అంటే ఏసీ వేసుకునే మధ్యాహ్నాల్లోనే పదో వంతుకి పైగా కోత. అందుకే కింద గాలి ఆడేలా ఎత్తుగా బిగించమని చెప్పాం. మంచి ఎండ రోజున 12 యూనిట్ల దాకా వస్తుందన్నాడు. పీఎం సూర్యఘర్ సబ్సిడీ 78 వేలు పోను మిగతాది మావారు చూసుకుంటామన్నారు.

నిన్న సాయంత్రం అత్తయ్యగారు నాలుగు చీరలు, ఒక సగం మడత చీర డాబా మీద పరిచి, చుట్టూ సుద్దముక్కతో గీత గీశారు. మెట్ల వైపు ఇంకా మూడు చీరల చోటు మిగిలింది. "ఈ గీత దాటి ఒక్క ఇనప కాలు వచ్చినా ఊరుకోనని చెప్పు ఆ అబ్బాయికి" అని, చీరలు మడత పెట్టుకుని కిందికి దిగారు.