హోసూరు సీమ తెలుగు దస్తావేజులు

1792 శ్రీరంగపట్నం సంధితో బారామహల్ టిప్పు సుల్తాను నుండి ఈస్టిండియా కంపెనీ వశమైంది. కృష్ణగిరి అందులోనిదే. ఎగువనున్న హోసూరు 1799లో టిప్పు పతనమయ్యాకనే వచ్చి కలిసింది. అలెగ్జాండర్ రీడ్, ఆయన సహాయకుడు థామస్ మన్రో ఇక్కడ భూములు కొలిపించి, రైతుతో నేరుగా శిస్తు ఖరారు చేశారు. రైత్వారీకి పురిటిగడ్డ ఇదే. రైతు పేర పట్టా అన్నది ఆ పద్ధతితో స్థిరపడింది.

తెలుగు, కన్నడం, తమిళం కలిసి బతికే సీమ ఇది. తాతలనాటి క్రయపత్రమో భాగపత్రమో తెలుగులో ఉంటే, తమిళమే చదివిన మనవడు తన పొలం హద్దులు తానే చదువుకోలేడు. కొత్త పత్రం తెలుగులో రాయించుకుంటే చెల్లుతుందా అని విద్యార్థులు మమ్మల్ని అడుగుతుంటారు. 1908 రిజిస్ట్రేషన్ చట్టం 19వ సెక్షను తెలుగును నిషేధించలేదు. భాష అధికారికి తెలియనిదై, జిల్లాలో సామాన్యంగా వాడుకలో లేనిదై ఉంటేనే, అనువాదమూ నకలూ జతచేయని పత్రాన్ని తిరస్కరించాలంటుంది. రెండు షరతులూ కలవాలి. ఇది చాలామంది గమనించరు.

అయితే ఏ జిల్లా? హోసూరు మొదట సేలంలో ఉండి, 1965లో ధర్మపురికి, 2004లో కృష్ణగిరికి మారింది. ఈ మార్పుతో తెలుగువారి వాదానికి బలం పెరిగిందనే మా అభిప్రాయం.

అనువాదంతో నమోదైన పత్రానికి మరో చిక్కుంది. 62వ సెక్షను ప్రకారం రిజిస్టరులోకి ఎక్కేది అనువాదమే. ఆపై కార్యాలయం ఇచ్చే నకళ్లకు అదే మూలంగా చెల్లుతుంది. హద్దుల్లో ఒక్క మాట తప్పుగా మారితే, ఆ తప్పే నకలు నకలుకూ నడుస్తుంది.