సింగరేణి భవన్: బొగ్గు పన్ను, విద్యుత్ ధర - ఒక చారిత్రక పరిశీలన

ఇల్లెందు పరిసరాలలో 1871లో డాక్టర్ విలియం కింగ్ బొగ్గు నిక్షేపాలను గుర్తించాడు. 1886లో తవ్వకపు హక్కులు హైదరాబాద్ దక్కన్ కంపెనీ పొందింది. 1920లో అది సింగరేణి కాలరీస్‌గా రూపొందింది. నాంపల్లికి ఆనుకొని ఉన్న రెడ్‌హిల్స్‌లోని సింగరేణి భవన్ ఈ చరిత్రకు నగరంలో చిరునామా. విశేషమేమంటే, ఉమ్మడి రాష్ట్రంలోనూ, 2014 తరువాత కొన్నేళ్లపాటు తెలంగాణలోనూ విద్యుత్ నియంత్రణ మండలి ఈ భవనంలోనే పనిచేసింది. సౌరవిద్యుత్ ధరలను పరిశీలించవలసిన సంస్థ బొగ్గు సంస్థ కప్పు కిందనే కొలువుదీరింది! దీనిని యాదృచ్ఛికమనే అనుకుందాం. ఇంధన పరివర్తన ఖర్చు ఎవరు భరించాలన్న ప్రశ్న మాత్రం యాదృచ్ఛికం కాదు.

2010లో కేంద్రం టన్ను బొగ్గుపై 50 రూపాయల స్వచ్ఛ ఇంధన సుంకం విధించింది. 2016లో అది 400 రూపాయలయింది. మరుసటి ఏడు వస్తుసేవల పన్ను రావడంతో ఆ రాబడి రాష్ట్రాల నష్టపరిహారానికి మళ్లింది. బొగ్గుపై పడిన భారం విద్యుదుత్పత్తి వ్యయంలో కలుస్తుంది కనుక, చివరకు ఆబిడ్స్ దుకాణదారు బిల్లు దాకా వస్తుంది. సింగరేణిలో రాష్ట్రానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటాలున్నాయి. అంటే సుంకం విధించిన ప్రభుత్వమే గని యజమానులలో ఒకటి. 2025లో ఆ సుంకం రద్దయి, బొగ్గుపై పన్ను 5 నుంచి 18 శాతానికి పెరిగింది. నాటి సుంకంలోగాని, నేటి పన్నులోగాని, గని మూతపడే ఊరికంటూ వేరుపరచిన పద్దు లేదు.